గోరు మీద నలుసు

మొన్న ల్యాబుల కొత్తగ చేరిన పిల్ల ఒక ప్లేటు తెచ్చి నా ముందట పెట్టింది. ఒకాయన కంటి పుండు నుంచి గీకి తీసినదాన్ని నెత్తురు కలిపిన ప్లేటు మీద పూసినం. దాని మీద సన్నసన్న చుక్కలు మొలిచినయి, ఒక్కొక్క చుక్క చుట్టు ఆకుపచ్చ మరక. చూడంగనే నా నోట్లెకెల్లి మాట జారింది. ప్లేటు తెరిసినప్పుడు మాట్లాడినవా అని గట్టిగనే అడిగిన. పిల్ల మొకం చిన్నబోయింది. లేదు మేడం, మాస్కు పెట్టుకునే చేసిన అన్నది. ఆ పిల్ల తప్పేం లేదు. ఆ ఆకుపచ్చ చూస్తే నాకు మా అత్తమ్మ యాదికొస్తది. యాదికొస్తే సిగ్గయితది. సిగ్గయితే ఎవరో ఒకరి మీద నోరు చేసుకుంట. గదీ నా సంగతి.

అత్తమ్మ పోయి ఏడాది దాటింది. ఫొటో గోడకు ఉన్నది, దండ ఉన్నది, అండ్ల ఆమె నోరు కూడ కనవడుతది, ఎందుకంటే అది పాత ఫొటో.

మా అత్తమ్మ మంది కండ్లల్ల పడ్డ నలుసులు తీసేది. గుడ్డ కొసతోని కాదు, వేలుతోని కాదు. నాలుకతోని. ఛీ అనుకుంటున్నరా? అనుకోన్రి. పెండ్లయి వచ్చిన కొత్తల నేను కూడ అనుకున్న, కాకపోతే మనసుల అనుకున్న. జహీరాబాద్‌ల మా గల్లీకి వచ్చి ఆమె ఇల్లు యాడ అని అడగనక్కరలేదు. కన్ను మూసుకొని, ఇంకొకరి చెయ్యి పట్టుకొని ఎవరన్న ఆటో దిగిన్రంటే, చాయ్ హోటలాయన మా ఇంటి దిక్కు చెయ్యి చూపించేటోడు. ఝరాసంగం నుంచి వచ్చేటోళ్లు, న్యాల్‌కల్ నుంచి వచ్చేటోళ్లు. జొన్న కొట్టే కాలంల పొట్టు, కంది కొట్టే కాలంల దుమ్ము, చెరుకు కొట్టే కాలంల ఆకు నూగు. కాలాన్ని బట్టి నలుసు.

వచ్చినోళ్లను వాకిట్ల కింద కూసోబెట్టి, తాను వెనుక ఎత్తు పీట మీద కూసునేది. మొదలు వేడినీళ్లల్ల ఉప్పేసుకొని గడగడ పుక్కిలించేది. ఎన్కట తంబాకు నమిలేదట, ఈ పని పట్టినంక ఇడిసిపెట్టింది. ఆ మాట చెప్పుకునుడు ఆమెకు మస్తు గర్వం. వచ్చినోళ్ల తలకాయ తన మోకాళ్ల నడుమ ఇరికించుకొని, రెండు బొటనవేళ్లతోని రెప్పలు ఇప్పి, పైకి చూడు, పైకి చూడు అనేది. బీదర్ దిక్కు నుంచి వచ్చినోళ్లయితే "మేలే నోడు, మేలే నోడు" అని కన్నడల అనేది. మీసాలున్న మొగోళ్లు చిన్న పోరగాండ్ల లెక్క మూలుగుతుంటే, జర ఆగవయ్యా, నీ పెండ్లాం ఈడ లేదు జాలివడనీకె అని నవ్వించేది. వాళ్లు నవ్వే నిమిషంల వంగి, ఒక్కసారి నాలుక అటు నుంచి ఇటు తిప్పేది. అంతే. అయిపోయింది.

అయిపోయినంక ఇంకొక పని ఉండేది, అది చెయ్యకుంట ఎవ్వరినీ లేవనిచ్చేది కాదు. నాలుక కొస మీది నలుసును తన బొటనవేలి గోరు మీదికి తీసుకొని, ఎండకు పట్టి, వచ్చినోళ్లకు చూపించేది. "గో, గిదే నీ దొంగ. సూస్కో." వాళ్లు చూసి, అవును అన్నంకనే తలకాయ ఇడిసేది. ఏం దొరకకపోతే దొరకలేదనే చెప్పేది. నా గోరు మీదికి రాలే, దవాఖానకు పో అనేది. గోరు మీద కనవడ్డదే ఆమెకు నిజం.

ఇగ నా బతుకు చూడున్రి. నేను అదే ఊర్ల కండ్ల దవాఖానల ల్యాబు పని చేస్త. పుండు పడ్డ కన్నుకు మొద్దుబారే చుక్కలు వేసి, మా డాక్టరు మేడం సన్న బ్లేడుతోని గీకి ఇస్తరు. కంటికి ఆనీ ఆననంత. దాన్ని అద్దపు పలక మీద రాసి రంగులేసి మైక్రోస్కోపు కింద చూస్త. మిగిలింది నెత్తురు కలిపిన ప్లేటు మీద నెలవంక లెక్క గీతలు గీసి, వెచ్చటి పెట్టెల పెడ్త. గీతలు ఎందుకంటే, గీత మీద మొలిచింది కంటిది. గీత బయట మొలిచింది గాలిది, కాకుంటే మా నోటిది. ప్లేటు మూత తీసి ఒక్క మాట మాట్లాడినా తుంపర పడుతది, పడ్డది మొలుస్తది. అందుకే మా ల్యాబుల నోరు మూసుకునుడే మొదటి పాఠం. పొద్దంత స్పిరిట్‌తోని చేతులు కడుక్కొని, మాస్కు కట్టుకొని, ఇంటికొచ్చి చూస్తే మా వాకిట్ల అత్తమ్మ నాలుక ఎవరి కంట్లనో ఉండేది.

చెప్పకుంట ఉన్ననా? చెప్పిన. నోట్ల పురుగులుంటయి అత్తమ్మా, కంటికి కనవడయి, కంట్ల గీతవడ్డ కాడ అవి చొరవడుతయి అని చెప్పిన. ఆమె నవ్వేది. నీ పురుగులు కనవడయి, నా నలుసు కనవడుతది, ఎవలను నమ్మాలె చెప్పు అనేది. మా ఆయన ఇద్దరి నడుమ నవ్వుకుంట బయటికి పోయేటోడు. దవాఖానల ఎవరన్న మీ అత్తమ్మ ఏం చేస్తది అంటే, ఇంటికాడనే ఉంటది అని మాట మార్చేదాన్ని. కండ్ల దవాఖాన ల్యాబు మనిషి ఇంట్ల కండ్లు నాకుతరు అంటే నా మొకం యాడ పెట్టుకోవాలె?

ఒక చెరుకు కాలంల ఝరాసంగం దిక్కు నుంచి ఒకామె మా దవాఖానకొచ్చింది. కూలి మనిషి. చెరుకు కొడుతుంటే ఆకు కొస కంట్ల కొట్టింది. కన్ను ఎర్రగ ఉబ్బింది, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. మందుల దుకాణపోడు ఇచ్చిన చుక్కలు వేసుకుంట వచ్చింది, ఎక్కువైనంక మా కాడికొచ్చింది. మేడం గీకి ఇచ్చిన్రు. పలక మీద చీము కణాలు మస్తున్నయి, పురుగు జాడ మాత్రం సరిగ లేదు. మందు చుక్కలు పడ్డ కన్ను గట్లనే ఉంటది, లోపలున్నది దొరకదు. చెరుకు ఆకు అన్నది కాబట్టి, ఆకు గీతలకు మా దిక్కు బూజు పట్టుడు ఎక్కువ కాబట్టి, మేడం బూజు మందు మొదలుపెట్టిన్రు. ప్లేటు ఏం చెప్తదో చూద్దాం అన్నరు.

ప్లేటు మీద ఏదన్న మొలిచేదాక కన్ను ఆగాలె గద. ఆగలే. మచ్చ పెద్దగయింది, కంటి కింది భాగంల చీము నిలిచింది. గప్పుడు మొలిచినయి, కొన్నంటే కొన్నే, సన్నటి చుక్కలు, చుట్టు ఆకుపచ్చ. రంగేసి చూసిన. వంకాయ రంగు పూసలు, దారానికి గుచ్చినట్టు వరుసగ. ఇసొంటివి రెండు జాతులుంటయి. ఒకటి నిమోనియా తెచ్చేది, అది మందుబిళ్ల పెడితే బిళ్ల చుట్టు మొలవకుంట దూరం జరుగుతది. ఇవి బిళ్లను ఆనుకొనే మొలిచినయి. అంటే రెండో జాతి. మనుషుల నోట్లె, పండ్ల సందుల, నాలుక మీద ఉండేది.

ప్లేటు తీస్కపోయి మేడంకు చూపించిన. మేడం చాన సేపు చూసి, "ప్లేటు మీద మాట్లాడావా?" అని అడిగిన్రు.

నా ఒళ్లు కాలింది. మాట్లాడలే మేడం, గీత మీదనే మొలిచినయి చూడున్రి అన్న. చూసిన్రు. కానీ ఆమె బాధ ఆమెది. ఉన్నయి కొన్నే చుక్కలు, నోటి పురుగు అంటే సగం సార్లు ల్యాబోళ్ల నోటిదే అయితది. దీన్ని నమ్మి బూజు మందు ఆపితే, తీరా అది బూజే అయితే, కన్ను పగులుతది. మళ్ల గీకి మళ్ల మొలిచేదాక చూద్దామంటే అంత టైము ఆ కన్నుకు లేదు. ఇద్దరం కలిసి వార్డుకు పోయినం. కంటికి ఎవరన్న నోరు పెట్టిన్రా, ఉమ్మి రాసిన్రా అని మేడం ఆమెను అడిగిన్రు.

ఆమె మంచిగున్న ఒక్క కంటితోని నా దిక్కు చూసింది. ఆ చూపుతోనే నాకు సమజయింది. ఈమె మా వాకిట్ల కూసున్నది, నేను డ్యూటీ నుంచి ఇంట్లకు పోతుంటే నన్ను చూసింది. నేను వాకిట్ల వచ్చినోళ్ల మొకాలు చూసేదాన్ని కాదు, తలకాయ వంచుకొని లోపలికి పోయేదాన్ని, అందుకే గుర్తుపట్టలే. ఆమె గోడ దిక్కు తిరిగి, లేదు మేడం, నీళ్లతోనే కడుక్కున్న అన్నది.

కన్ను కుళ్లిపోతుంటే ఆ మనిషి నా ఇజ్జత్ కాపాడుతున్నది! మా అత్తమ్మను కాపాడుతున్నదో, నన్ను కాపాడుతున్నదో. నేను వార్డు ఇడిసి బయటికొచ్చిన.

పొద్దుగూకె యాల్ల ఇంటికి పోతే అత్తమ్మ చాటల కందులు చెరుగుతున్నది. చెరుకు ఆకు పడ్డామె గిట్ల వచ్చిందా అని అడిగిన. వచ్చిందన్నది. సన్నటి నూగు, ముల్లు లెక్క ఉండె, గోరు మీదికి తీసి సూపిచ్చిన అన్నది, మంచి పని చేసిన మనిషి లెక్క. అప్పుడు చెప్పిన. మచ్చ, చీము, ప్లేటు, పూసలు, అన్ని చెప్పిన. పురుగులు కనవడయి గద అని ఎన్నడు అనేటట్టు అంటదని చూసిన. అనలే. చాట కింద పెట్టి, కన్ను ఉంటదా అని ఒక్కటే అడిగింది.

మందు మార్చితే ఉండొచ్చు, మందు మార్చాల్నంటే మేడంకు నమ్మకం కుదరాలె, రేపు నేను చెప్త, ఊర్ల ఎవరో నాలుక పెట్టిన్రట అని చెప్త అన్న. అత్తమ్మ నా మొకంల మొకం పెట్టి చూసింది.

"ఎవలో అని చెప్తవా బిడ్డా? ఎవలో కాదు గద."

తెల్లారి నేను డ్యూటీకి పోయినంక, మేడం ఇంక వార్డుకు పోకముందే, హాలుల మంది ఉన్న యాల్ల అత్తమ్మనే వచ్చింది. ఉతికిన చీర కట్టుకున్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, అట్ల పెట్టుకునుడు నేను మొదటిసారి చూసిన. కంటి మిషను కాడ కూసున్న మేడం ముందటికి పోయి నిలవడి, కొంగు తీసింది.

"అమ్మా, చెరుకు ఆకు వడ్డామె కంట్ల నాలుక వెట్టింది నేను. ఇగో, ఈ పిల్ల నా కోడలు. ఈమె పెలేటు మీద ఏం మాట్లాడలే. మందు మార్సున్రి."

హాలంత నా దిక్కు తిరిగింది. వెనుక ఎవరో కిసుక్కున నవ్విన్రు. సిస్టరమ్మ నోరు తెరుసుకొని నన్ను చూస్తున్నది. భూమి పగిలి అండ్ల పోతే బాగుండు అనిపిచ్చింది నాకు, నిజం చెప్తున్న. మేడం మాత్రం ఒక్క మాట తిట్టలే. ఏ రోజు, ఎన్నిసార్లు, నోట్ల పుండ్లున్నయా, పన్ను నొప్పి ఉన్నదా అని అడిగి తెలుసుకొని, అప్పటికప్పుడే లేచి సిస్టరమ్మకు మందు మార్చి చెప్పిన్రు.

పని అయింది గద, ఇంటికి పో అత్తమ్మా అన్న. పోలే. నాకు సూపెట్టు అన్నది. మేడం దిక్కు చూస్తే మేడం తల ఊపిన్రు. ల్యాబులకు తీస్కపోయి స్టూలు మీద కూసోబెట్టిన. ఇన్నేండ్లు ఇంతమంది కండ్లల్లకు చూసిన మనిషికి ఒక కన్ను మూసి ఇంకొక కంటితోని చూసుడు రాలే. నేనే నా బొటనవేలుతోని ఆమె రెప్ప పట్టుకున్న. చూసింది. చాన సేపు చూసింది. నల్లపూసల దండ తెగినట్టున్నది అన్నది. తరువాత తన బొటనవేలు ఎత్తి, గోరును కిటికీ వెలుతురుకు పట్టి అటుఇటు తిప్పింది.

"గివి నా గోరు మీద ఎన్నడు కనవడలేదేంది?"

కనవడయి అని నేను ముందే చెప్పిన గద అని అనొచ్చు. ఆ మొకం చూసి ఎవరంటరు?

ఆమెకు ధైర్యం చెప్పాలని ఒక పని చేసిన. దూదిపుల్లతోని ఆమె నాలుక మీద ఒకసారి, ఇంకొక పుల్లతోని నా నాలుక మీద ఒకసారి రుద్ది, ఒక్కటే ప్లేటుల చెరో సగంల గీసిన. మర్నాడు పిలవకుంటనే వచ్చింది. రెండు సగాలూ ఆకుపచ్చగనే ఉన్నయి. చూడు అత్తమ్మా, నా నోట్లె కూడ ఉన్నయి, మేడం నోట్లె ఉన్నయి, అందరి నోట్లె ఉంటయి, నోట్లె ఉంటే ఏం గాదు, ముందు గీతవెట్టింది ఆకు, నువ్వు కాదు అని చెప్పుకొచ్చిన. శ్రద్ధగ విన్నది. ఎంత శ్రద్ధగ అంటే సమజయింది కావొచ్చనుకున్న.

"అందరి నోట్లె ఉంటది," అన్నది. "అందరు కంట్ల నాలుక వెట్టరు గద."

గప్పటి నుంచి కొంగు నోటి మీదికెల్లి దిగలే. అన్నం గోడ దిక్కు తిరిగి తినేది. మాట్లాడితే కొంగు చాటు నుంచే. నలుసులోళ్లు ఊకుంటరా, వచ్చేటోళ్లు వచ్చిన్రు. మంచినీళ్లు పోసి కడిగించి, నాకిప్పుడు రాదు, దవాఖానకు పోన్రి అనేది. ఇన్నేండ్లు వచ్చింది ఇప్పుడెట్ల రాదని వాళ్లు బతిమిలాడితే, మరిసిపోయిన అనేది. ఒకసారి నా బిడ్డకే కంట్ల జొన్న పొట్టు పడ్డది. అలవాటు కొద్ది ఉరికిపోయి ఆమె ఒళ్లె తలకాయ పెట్టింది. అత్తమ్మ రెండు చేతులతోని తన మూతి గట్టిగ అదిమి పట్టుకున్నది. లోపలి నుంచి నేను వచ్చేదాక అట్లనే ఉన్నది, పిల్లది నానమ్మా నానమ్మా అని ఏడుస్తనే ఉన్నది.

అంగడికి పోతే మంది మొకాలు చూసేది కాదు, కండ్లు చూసేది. ఎన్నడో నలుసు తీసిన మనిషి దొరికితే ఆపి, నీ కన్ను మంచిగున్నదా అని అడిగేది. అవతలోళ్లకు యాదికే ఉండేది కాదు. మంచిగనే ఉన్నది అవ్వా అంటే, జర వెలుతురుకు నిలవడు అని మళ్ల చూసేది. నాకు చిరాకయ్యేది. అందరి ముందట ఏంది ఇది, ఇడిసిపెట్టు అని చెయ్యి పట్టి గుంజుకొచ్చేదాన్ని. ఇంకొక మాట కూడ చెప్తె అయిపోతది. వాకిలి ఖాళీ అయింది, ఆమె నోరు కొంగు చాటుకు పోయింది, నాకు పాణం హాయిగుండె. కొంగు తియ్యి అత్తమ్మా అని నేను ఎన్నడూ గట్టిగ అనలే.

ఝరాసంగం ఆమె కన్ను నిలిచింది. మందు మారిన కాడి నుంచి చీము దిగింది, పుండు మానింది. నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు మిగిలింది. మసకగ కనవడుతదట ఆ కంటితోని, మనిషి ఆకారం తెలుస్తదట.

అత్తమ్మ పోయిన రోజు వాకిట్లనే పండవెట్టినం, ఆమె నలుసులు తీసిన కాడ్నే. స్నానం పోసి, చీర కట్టి, బొట్టు పెట్టినంక మా ఆడబిడ్డ కొంగు తెచ్చి నోటి మీదికి కప్పింది. అమ్మ గట్లనే ఉండేది గద అన్నది. నాకూ అదే మంచిగ అనిపిచ్చింది. దవాఖాన నుంచి సిస్టరమ్మ వచ్చింది, మేడం వచ్చిన్రు. వాళ్ల పక్కన నేను నిలవడి ఏడ్చిన.

గప్పుడే ఆటో దిగి ఝరాసంగం ఆమె వచ్చింది. ఎవరినీ పలకరియ్యలే. అత్తమ్మ తలకాయ కాడ కూసొని, మంచి కన్ను, పువ్వు కన్ను రెండూ పెట్టి చూసి, నా దిక్కు తలెత్తింది. నోరెందుకు కప్పిన్రక్కా అన్నది. ఆమె గట్లనే ఉండేది అన్న.

"దవాఖానల గంతమంది ముందట నా కన్ను కోసం తెరిసింది గద అక్కా. తియ్యి. సూసి పోత."

మేడం నన్ను చూస్తున్నరు. మా అత్తమ్మ ఆ హాలుల ఈ పిల్ల నా కోడలు అని చెయ్యి చూపించి చెప్పింది. ఈమె మా అత్తమ్మ అని ఆ దవాఖానల నేను ఎవరికీ చెప్పలే, ఆ రోజు కూడ చెప్పలే, ఆ తరువాత కూడ చెప్పలే. అదంత అప్పుడే యాదికి రావాల్నా? వంగి కొంగు తీసిన. నోరు జర తెరుసుకొని ఉన్నది. పండ్ల నడుమ నాలుక కొస కనవడుతున్నది, ఏదో చెప్పబోయి ఆగినట్టు.

ఝరాసంగం ఆమె కండ్ల నిండ చూసింది. నేను చూడలేక గోడ దిక్కు తిరిగిన.